అన్నం పెట్టలేదన్న మాట

ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలు నన్ను కలిసినప్పుడల్లా ఒకే ప్రశ్న అడుగుతారు: "మేడమ్, మీ సర్వీసులో పెద్ద కేసు ఏది?" ఏ అతిసారం గురించో, వరదలో మంచం మీద మోసుకొచ్చిన బాలింత గురించో చెబుతానని ఎదురుచూస్తారు. అవీ ఉన్నాయి. కానీ నేను చెప్పుకుని మురిసిపోయే కేసులో రక్తం లేదు, సెలైన్ లేదు, ఆ మాటకొస్తే మందు కూడా లేదు. ఒక ముసలమ్మ ఊరంతా తిరిగి "నా కోడలు అన్నం పెట్టలేదు" అని చెప్పిన మాట ఒక్కటే ఉంది.

నేను పుట్టింది పాతపట్నం దగ్గర వరి పండించే ఇంట్లో. ఏఎన్ఎంగా చేరి, మెట్ట ఊళ్లూ కొండ ఊళ్లూ తిరిగి, హెల్త్ సూపర్‌వైజర్‌నై, పదవీ విరమణ దగ్గర పడుతున్న వేళ సముద్రం ఒడ్డున ఉన్న పీహెచ్‌సీకి బదిలీ అయ్యాను. మా కింద ఉన్నవన్నీ చేపల వేట మీద బతికే ఊళ్లు. అక్కడ గాలికి ఎదురు మాట్లాడాలి కాబట్టి అందరి గొంతులూ పెద్దవి. మొదటి వారం వాళ్లు నన్ను తిడుతున్నారనుకున్నాను. టీ తాగి వెళ్లమంటున్నారని తర్వాత తెలిసింది. వాళ్లు నాకు పెట్టిన పేరు 'సూదులమ్మ'.

ఆ రోజుల్లోనే విశాఖపట్నంలో మాకు వృద్ధుల ఆరోగ్యం మీద శిక్షణ ఇచ్చారు. డిమెన్షియా అన్న మాట సరిగ్గా విన్నది అక్కడే. మెదడు మెల్లమెల్లగా అరిగిపోయే జబ్బు. ముందు ఇందాకటి సంగతి పోతుంది, తర్వాత నిన్నటిది, చివరికి సొంత మనుషుల ముఖాలే పోతాయి. "నయం చేసే మందు లేదు. కానీ చూసుకునేవాళ్లకి ఒక తోడు దొరికితే రోగి బతుకూ బాగుంటుంది" అన్నారు శిక్షణ ఇచ్చిన డాక్టరమ్మ. ఆ తోడు ఎవరు, ఏ ఊళ్లో దొరుకుతారు అని మాలో ఎవరమూ అడగలేదు. భోజనాల వేళయింది.

తిరిగొచ్చాక మా పీహెచ్‌సీ డాక్టరుగారు, విజయనగరం కుర్రాడు, అదే ఆయన మొదటి పోస్టింగ్, ఎంతో ఉత్సాహంగా "మన దగ్గర ఇలాంటివాళ్లు ఉన్నారేమో చూద్దాం మేడమ్" అన్నారు. ఒక ఊరి ఆశా కార్యకర్త వెంటనే అందుకుంది. ఆమె ఆ ఊరి ఆడపిల్లే, ఆ ఊళ్లోనే కాపురం. ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో వీధి మలుపులోనే చెప్పగల మనిషి.

"మా ఊళ్లో ఒక పెద్దమ్మ ఉన్నాది మేడమ్. సాదస్తమని కొందరు, కోడలు సూడ్డం నేదని కొందరు అంటన్నారు. నాకైతే ఇంకేదో ఉన్నాదనిపిస్తంది" అంది.

వెళ్లాం. ఆ పెద్దమ్మ ఒకప్పుడు నెత్తిన గంప పెట్టుకుని లోపలి ఊళ్లన్నీ తిరిగి చేపలమ్మిన మనిషి. పొడుగ్గా, వంగకుండా కూర్చుంది. డాక్టరుగారు శిక్షణలో ఇచ్చిన ప్రశ్నలు మొదలుపెట్టారు.

"ఇది ఏ సంవత్సరం అమ్మా?"

"సమ్మచ్చరం నాకెందుకు బాబూ, నాను బడికెల్నానా? ఇయ్యాల పున్నమో అమాసో అడుగు, సెప్తాను."

డాక్టరుగారు నవ్వి, అదే అడిగారు. ఆమె సముద్రం వైపు ఒకసారి చూసి "అమాస" అంది తొణక్కుండా. పౌర్ణమి వెళ్లి ఒక్క రోజే అయింది. పక్కనున్న ఆశా కార్యకర్త ముఖం పాలిపోయింది. "పెద్దమ్మ తిథి తప్పడం నాను పుట్టి ఎరగను మేడమ్. ఆటుపోటు అడగాలంటే ఊరంతా ఈవిడకాడికే వచ్చీవోరు" అంది మెల్లగా. శిక్షణలో ఇచ్చిన ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క జవాబు ఒక ఎత్తు. జిల్లా ఆసుపత్రికి పంపాం. అది డిమెన్షియానే అన్నారు.

ఆ తర్వాత మేం చేసిన పని వినండి, మీరు చెయ్యకుండా ఉండడానికి. ఊరి తుఫాను షెల్టరులో మీటింగు పెట్టి, మైకు తెప్పించి, "ఇది పిచ్చి కాదు, చాదస్తం కాదు, ఇదొక జబ్బు" అని డాక్టరుగారూ నేనూ చెరో అరగంట చెప్పాం. అందరూ బుద్ధిగా విన్నారు. మాకు భలే సంతోషం వేసింది. మర్నాటికి ఆ ముసలమ్మ దగ్గరికి పిల్లల్ని పంపడం మానేశారు. టీ కొట్టులో ఆమెకి వేరే గ్లాసు పెట్టారు. మేం చెప్పినదాంట్లో 'జబ్బు' అన్న మాట ఒక్కటే వాళ్లతో ఇళ్లకి వెళ్లింది. డాక్టరుగారు తల పట్టుకుని "అంటుకోని జబ్బుని మనం మైకు పెట్టి అంటించాం మేడమ్" అన్నారు. ఆ గ్లాసు తీయించడానికి ఆయన వరసగా కొన్నాళ్లు ఆ కొట్టుకి వెళ్లి, ఆమె తాగిన గ్లాసులోనే తానూ టీ తాగాల్సి వచ్చింది.

ఇక కోడలి సంగతి. ఆమె భర్త అక్కడి చాలామంది మగవాళ్లలాగే గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్తాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంట్లో ఉండడు. బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు. అత్త తర్వాత గంప ఆమె అందుకుంది, శ్రీకాకుళం బజారులో అమ్మేది. అత్త ఇల్లు వదిలి తిరగడం మొదలుపెట్టాక ఆ అమ్మకం మానేసింది.

ఒకరోజు నేను వెళ్లేసరికి పెరట్లో అత్త చీరలు ఉతుకుతోంది. నన్ను చూసి చేతులు తుడుచుకోలేదు. ఉతుకుతూనే మాట్లాడింది.

"పొద్దున్న నాను పెడతాను. తింటాది. సెయ్యి కడుక్కుని వీధిలోకెల్లి, నా కోడలు పెట్నేదంటాది. టీ కొట్టు అప్ప ఇడ్డెన్లు పెడతాది. అదీ తిని ఇంకో ఇంటికెల్లి ఇంతన్నం పెట్టమంటాది. ఆల్లూ పెడతారు. అన్నీ తిని కడుపు పాడైతే ఈ సీరలు ఎవులుతుకుతారు? నానే. ఊరికి మాత్రం నాను అత్తని పస్తులు పెట్టిన దాన్ని."

"నువ్వు వాళ్లకి చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"ఎంతమందికి సెప్పను? పెద్ద మనిషి అబద్ధమాడతాదా అంటారు. అబద్ధం కాదు మేడమ్, పాపం ఆవిడికి నిజంగానే తిన్నట్టు నేదు. నాకది తెల్సు. తెల్సినా ఒకో పూట తలుపేసి ఎటేనా ఎల్లిపోదామనిపిస్తాది."

నాకు శిక్షణలో విన్న మాటలన్నీ గుర్తున్నాయి. ఒక్కటీ ఆమె ముందు పనికొచ్చేలా కనబడలేదు. పక్కనే ఉన్న బిందె ఎత్తి నీళ్లు పోశాను.

ఆ టీ కొట్టు ఆమె చెడ్డదేమీ కాదు. ఆకలన్న మనిషికి లేదనకుండా పెట్టే చెయ్యి. అందుకే ఆమె మాటకి ఊళ్లో విలువ. ఆమె జాలిపడి చెప్పిన ప్రతి మాటా ఈ కోడలి మీద రాయిలా పడింది. ఆ మాట పక్క ఊళ్లో కాపురమున్న ఆడపడుచు దాకా వెళ్లింది. ఆమె తల్లిని చూడడానికి వస్తే ఆ తల్లి కూతురి చెయ్యి పట్టుకుని, తిండి తిని ఎన్నాళ్లయిందో అని ఏడ్చింది. ఏ కూతురు తట్టుకుంటుంది? నేరుగా ఊరి పెద్దల దగ్గరికి వెళ్లింది.

ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. "మేడమ్, రేపు పెద్దలు కూకుంటన్నారు. కోడలి సేత తప్పు డబ్బులు కట్టించి, ముసలమ్మని కూతురితో పంపించీస్తారంట. కోడలు కూడా పుట్టింటికి ఎల్లిపోతానంటంది." ఆ ఇల్లు అక్కడితో ముక్కలైపోతుందని నాకు అర్థమైంది. పైగా ఇల్లు మారితే అలాంటి రోగి ఇంకా తికమకపడుతుంది. కూతురి ఇంట్లో వారం తిరక్కుండానే ఇదే మాట ఆమె మీదా మొదలవుతుంది.

మర్నాడు డాక్టరుగారి బండి మీద వెళ్లాం. గాలి జోరుగా ఉండి వేటకెళ్లలేదు కాబట్టి మగవాళ్లంతా ఊళ్లోనే ఉన్నారు. తుఫాను షెల్టరు వరండాలో కూర్చున్నారు. కొడుకుని గుజరాత్ నుంచి ఫోన్‌లో పెట్టి, ఆ ఫోన్ అరుగు మీద ఉంచారు. అతని గొంతు మధ్యమధ్యలో తెగిపోతోంది. "ఇక్కణ్ణుంచి నానేటి సెప్పగలను మావా, మీరే సూడండి" అన్నది మాత్రం వినబడింది.

ఆడపడుచు నిలబడింది. "మాయమ్మ గంపలు మోసి మమ్మల్ని పెంచినాది. ఆ మనిషి ఇల్లిల్లూ తిరిగి మెతుకు అడుక్కుంటంది. ఇంకేటి సెప్పాలి?"

డాక్టరుగారు ముందుకెళ్లి ఫోన్‌లో మెదడు బొమ్మ చూపించి చెప్పబోయారు. ఒక ముసలాయన కళ్లు చికిలించి చూసి, "ఇదేటి బాబూ, గోబీ పువ్వా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేను లేస్తే పెద్ద కుర్చీలో ఉన్న పెద్దాయన చెయ్యెత్తి, "సూదులమ్మా, ఇది మా ఊరి మాట. నువ్వు కూకో" అన్నాడు. కూర్చున్నాను.

అప్పుడు కోడలు లేచింది. అంతసేపూ తల వంచుకుని ఉన్న మనిషి.

"తప్పు కడతాను మావా. పుట్టింటికీ ఎల్తాను. పొద్దున్న నాను అత్తకి పెట్టినాను, పెట్నేదని మీరంటన్నారు. సరే, నాను పెట్నేదు. మీరు పెట్టండి. ఇప్పుడు, ఇక్కడ. ఆవిడికి కడుపు నిండితే నాకంతే సాలు."

టీ కొట్టు ఆమె మారు మాట్లాడకుండా ఇంటికెళ్లి అన్నం, చేపల పులుసు తెచ్చింది. ఎదురుగా కూర్చుని, ముల్లు తీసి, కలిపి పెట్టింది. పెద్దమ్మ ఇష్టంగా తింది. "నీ కడుపు సల్లగుండ" అని దీవించింది కూడా. పెట్టినామె కళ్లు తుడుచుకుని కోడలి వైపు ఒక చూపు చూసింది. పెద్దలు మళ్లీ తప్పు సంగతిలో పడ్డారు. పెద్ద కుర్చీ ఆయన చుట్ట వెలిగించాడు.

ఆ చుట్ట సగమైనా కాలలేదు. పెద్దమ్మ లేచి నేరుగా ఆయన ముందుకే వెళ్లింది. పెదవి చివర పులుసు ఇంకా ఆరలేదు.

"బాబూ, నువ్వు పెద్దోడిలా ఉన్నావు, నీకు సెప్తన్నాను. ఈ ఊరోల్లు మంచోల్లు కారు. పొద్దుకాణ్ణుంచి నన్నిక్కడ కూకోబెట్టినారు. ఒక్క మెతుకు పెట్నేదు."

టీ కొట్టు ఆమె ముందుకొచ్చింది. "పెద్దమ్మా, ఇప్పుడేగదా నా సేత్తో పెట్టినాను."

పెద్దమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "ఎవులమ్మా నువ్వు? కొత్త కోడలివా?"

ఎన్నో ఏళ్లుగా ఎదురుగుమ్మం మనిషి. టీ కొట్టు ఆమె ఉన్నచోటే కూలబడింది. కూతురు వచ్చి, "అమ్మా, తిన్నావే, నాను సూసినాను" అని భుజం పట్టుకుంది. "ఎప్పుడు తిన్నాను? నువ్వూ ఆల్ల పచ్చమేనా?" అంది తల్లి, చెయ్యి విదిలించుకుని. వెనక ఎవరో నవ్వబోతే పెద్దాయన తల తిప్పి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

ఆ అమ్మని పదిమందిలో అలా నిలబెట్టాలని మాలో ఎవరమూ అనుకోలేదు. నాకు ఆ దృశ్యం కష్టంగానే ఉంది. కోడలికీ అలాగే ఉందని ఆమె ముఖం చూస్తే తెలిసింది. గెలిచిన మనిషి ముఖం కాదది. అత్త దగ్గరికి వెళ్లి, పైటచెంగుతో ఆమె పెదవి తుడిచి, "పొయ్యి మీద ఉడుకుతన్నాది అత్తా. దించగానే పెడతాను, రా, కూకో" అంది.

"అలగా. బేగి దింపు" అని పెద్దమ్మ నెమ్మదించి కూర్చుంది.

రోగి మాటకి ఎదురు చెప్పొద్దు, ఆమె ఉన్న చోటికే మనం వెళ్లాలి అని మాకు శిక్షణలో చెప్పినది అదే. ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. రోజూ పడి నేర్చుకుంది.

అప్పుడు నేను లేచాను. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు. పిల్లలూ, ఇది బాగా వినండి: ఆ సమయంలో నేను జబ్బు గురించి ఉపన్యాసం మొదలుపెట్టి ఉంటే అంతా పోయేది. నా సర్వీసు మొత్తంలో సరిగ్గా నోరు మూసుకున్న రోజూ, సరిగ్గా తెరిచిన రోజూ అదొక్కటే. డ్యూటీ భాష పక్కకుపోయి మా పాతపట్నం మాట బయటికొచ్చింది.

"పెద్దాయనా, తప్పు ఎయ్యండి. కానీ ఈ అమ్మాయికొక్కదానికే కాదు, ఊరికెయ్యండి. డబ్బులొద్దు. ఈ ముసలమ్మ ఆకలంటే ఇన్ని ఇళ్లు అన్నం పెట్టినాయి. అంటే పెట్టే సేతులు ఈ ఊళ్లో ఉన్నాయి. ఆ సేతులు వారానికో పూట ఈవిడకాడ కూకోవాలి. ఆ పూట ఈ అమ్మాయి బజారుకెల్లి అమ్ముకొస్తాది. నాను అడిగింది అంతే."

పెద్దాయన చుట్ట ఆర్పేశాడు. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి, "ఎవులు కూకుంటారు?" అన్నాడు.

"బేస్తారం నాది" అంది టీ కొట్టు ఆమె, నేల మీంచి లేవకుండానే.

"మంగలారం నాను వస్తాను వదినా" అంది ఆడపడుచు. ఆ మీటింగు మొదలయ్యాక ఆమె వదినా అని పిలవడం అదే మొదటిసారి. అరుగు మీద ఫోన్‌లోంచి "ఏటయినాది? ఎవులేనా సెప్పండి" అని కొడుకు గొంతు వినబడింది. అతన్ని అందరం మరిచిపోయాం.

అలా మొదలైంది. ఎవరింట్లోనో కాకుండా తుఫాను షెల్టరు కింది హాలులోనే కూర్చుందామని ఆశా కార్యకర్త అంది. పెద్దాయన తాళం ఇచ్చాడు. కోడలు మొదటి రోజు బజారుకెళ్లి అక్కణ్ణుంచి ఫోన్ మీద ఫోన్. మధ్యాహ్నం కాకుండానే సగం చేపలతో తిరిగొచ్చేసింది. వచ్చి చూస్తే అత్త టీ కొట్టు ఆమె ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతోంది. మర్నాడు గంప ఖాళీ చేసుకునే వచ్చింది.

అంతా సాఫీగా జరిగిందనుకోకండి. వల నిండా చేప పడిన రోజు కూర్చునేవాళ్లు ఒక్కరూ వచ్చేవారు కాదు. ఆశా కార్యకర్త వీధిలో నిలబడి పేరుపేరునా కేకలేసేది. కానీ హాలు ఒకటి తెరుచుకునేసరికి, మూసిన తలుపుల వెనక ఉన్నవాళ్లు బయటికి రావడం మొదలైంది. వలలు అల్లే ఒకాయన, ఇంట్లోంచి బయటికి రాని ఒక అవ్వ, పక్క ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు. మతి పోయిందని తెచ్చిన ఒక తాతకి డాక్టరుగారు రెండు చెవుల్లోంచీ గుబిలి తీస్తే మతి తిరిగొచ్చేసింది. ఆయన ఇంటికెళ్లి, ఇన్నాళ్లూ తన వెనక కోడళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వినేసరికి ఆ ఇంట్లో కొత్త గొడవ. దాన్ని తీర్చడం మా డ్యూటీలోకి రాదని తప్పించుకున్నాం.

పెద్దమ్మకి ఎండు నెత్తళ్ల చేపలు వేరు చేసే పని ఇచ్చారు. చేతులు ఆగకుండా నడిచేవి, పాత పాటలు పాడేది. వలలాయన చిరిగిన వల ఒళ్లో పెడితే పొద్దు మరిచిపోయేవాడు. వాళ్లు లోపల ఉంటే, వాళ్లని చూసుకునే ఆడవాళ్లు వరండాలో కూర్చుని ఒకరికొకరు చెప్పుకునేవారు. విసుగొచ్చి అరిచేశానని ఒకామె ఏడిస్తే, నేనూ అరిచానని ఇంకొకామె. ఆ వరండాలో నేను మాట్లాడింది తక్కువ. బీపీలు చూడడం, మందులివ్వడం, వినడం.

ఒకసారి నిజంగానే తుఫాను హెచ్చరిక వచ్చింది. వృద్ధుల్ని షెల్టరుకి తరలించమని ఆర్డరు. మావాళ్లు అప్పటికే అక్కడే ఉన్నారని ఆఫీసుకి చెబితే, అంత ముందుగా ఎలా తరలించారని మెచ్చుకున్నారు. నేను థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాత అధికారులు వచ్చి చూసి, ఫొటోలు తీయించి, పేపర్లో వేయించారు. ఆ ఫొటోలో నేను లేను. బీపీ మిషన్ పట్టుకున్న నా చెయ్యి మాత్రం ఉంది. ఆ కాగితం ఇంకా దాచుకునే ఉన్నాను.

పెద్దమ్మ ఆ తర్వాత కొన్నేళ్లు బతికింది. చివరికి కోడలూ కూతురూ ఎవరో తెలియలేదు, ఇద్దరినీ "అమ్మా" అనే పిలిచేది. ఇద్దరూ పలికేవారు. కొడుకు గుజరాత్ నుంచి వచ్చి దగ్గరున్నప్పుడే కన్నుమూసింది. ఆ రోజు ఊరంతా కోడలి చుట్టూ ఉంది. ఆ కోడలు ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లకి వెళ్లి ఇలాంటి ఇళ్లలో మాట్లాడుతుంది. ఎచ్చెర్ల యూనివర్సిటీ పిల్లలు కూడా ఆమె చెప్పేది వినడానికి ఆ వరండాకి వచ్చారు. నేను చివరి వరసలో కూర్చుని విన్నాను. నా ముప్పైచిల్లర ఏళ్ల ఉద్యోగంలో నా గురించి ఎవరైనా పొగిడినప్పుడు కూడా అంత గర్వం కలగలేదు.

నేను రిటైరై అరసవల్లిలో ఉంటున్నాను. ఈమధ్య ఒకరోజు చూడాలనిపించి, చెప్పకుండా బస్సెక్కి వెళ్లాను. హాలులో నాకు తెలియని ముఖాలే ఎక్కువ. నడివయసు ఆమె ఒకతె ఎదురొచ్చింది. ఏ ఊరి నుంచి చేరిందో, నేనెవరో ఆమెకి తెలియదు.

"కొత్తగా వచ్చినారేటమ్మా? మీ ఇంట్లో ఎవులికి?" అంది.

నేను ఏదో గొణిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఒక మూల కూర్చున్న ముసలాయన దగ్గరికి తీసుకెళ్లింది. "ఈ తాతకాడ కూకోండి. పడవ వచ్చినాదా అని అడుగుతాడు. రాదు అని మాత్రం అనకండి. గాలి తగ్గినాక వస్తాదని సెప్పండి. సెప్పిందే సెప్పాలి, ఇసుక్కోకూడదు. ఇసుగొస్తే నన్ను పిలవండి, మొగమాటం వద్దు."

"అలాగేనమ్మా" అన్నాను. దూరం నుంచి ఆశా కార్యకర్త నన్ను చూసి, నోరు తెరిచి, నేనెవరో చెప్పడానికి పరుగున రాబోయింది. వద్దని సైగ చేశాను. ఆ తాతకీ నాకూ వయసులో పెద్ద తేడా లేదు. పక్కన చాప మీద కూర్చున్నాను.

"పడవొచ్చినాదా?" అన్నాడు.

"గాలి తగ్గనీ తాతా, వస్తాది."

ఆమె కాస్త ఎడంగా నిలబడి నా జవాబు వింది. బాగానే చెప్పానన్నట్టు తల ఊపి, ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోయింది.